రెండు నాబుల మనిషి

మా ధవళేశ్వరంలో పాటలు మిక్సింగ్ చేసే కుర్రాణ్ణి పోల్చుకోవడం చాలా తేలికండి. మెడలో హెడ్‌ఫోన్, కళ్ల కింద నలుపు, గది గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. బ్యారేజీ మీదికెళ్లే బస్సు హారన్ ఆ అట్టలకి ఆగదని అతనికీ తెలుసు. కానీ అవి లేకపోతే దాన్ని స్టూడియో అని ఎవరంటారు?

లోకంలో ప్రతి చప్పుడూ అతనికి రెండు ముక్కలే. దెబ్బ తగిలిన క్షణం ఎటాక్, ఆ తర్వాత సాగేదంతా సస్టెయిన్. వాళ్లమ్మ చేతిలోంచి ఇత్తడి పళ్లెం జారిందనుకోండి, "ఎటాక్ అదిరిందమ్మా, సస్టెయినే కొయ్యాలి" అంటాడు. ఆవిడ తిట్లకి మాత్రం రెండూ పుష్కలం. వీధిలో పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే అందరూ పెళ్లికొడుకుని చూస్తారు, ఇతను డ్రమ్ముకి చెవొగ్గి పెదవి విరుస్తాడు.

కంప్రెసర్ మాటెత్తితే చప్పరించేస్తాడు. అది ఒక గీత గీసుకుని, గీత దాటిన శబ్దాన్నే అణుస్తుందట. జర్మనీలో ఎస్‌పీఎల్ కంపెనీ 1998లో తెచ్చిన ట్రాన్సియెంట్ డిజైనర్ అనే పెట్టెకి ఆ గీత గొడవే లేదు. గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా, శబ్దం లేచిన తీరూ పడిన తీరూ చూసి పని చేస్తుంది. చానల్‌కి రెండే నాబులు, ఎటాక్‌కొకటి, సస్టెయిన్‌కొకటి. ఇతని కంప్యూటర్లో ఉన్నది దానికి దూరపు చుట్టం. ఆ చుట్టంతోనే తెల్లవార్లూ కాపురం.

"కాటన్ దొర చేసిందీ ఇదేనండి" అంటాడు, కాటన్ మ్యూజియం చూడ్డానికొచ్చిన చుట్టాలెవరైనా దొరికితే. "వరదంటే ఎటాక్. 1852కల్లా ఆనకట్ట పూర్తి చేసి, ఆ నీళ్లని కాలవల్లో సస్టెయిన్ చేశాడు." ఇందులో కాస్త నిజం కూడా ఉండబట్టి మరీ ఒళ్లు మండుతుంది.

మొన్నామధ్య అమ్మవారి జాతర పాటకి డప్పు రికార్డింగు. డప్పు వాయించే తాత గడ్డి మంట వేసి, చర్మం బిగిసి ఖణేల్మనేదాకా డప్పు కాచుకుని వచ్చి వాయించి వెళ్లాడు. మనవాడు ఆ ఖణేల్ చెవిలో గుచ్చుకుంటోందని ఎటాక్ తగ్గించాడు. అర్ధరాత్రికి డప్పు మెత్తబడిందని పెంచాడు. గది మోగుతోందని సస్టెయిన్ కోశాడు, అప్పుడు అట్టపెట్టె మీద కొట్టినట్టుందని మళ్లీ వదిలాడు. తెల్లారేసరికి రెండు నాబులూ సున్నా దగ్గరికొచ్చి నిలబడ్డాయి. పొద్దున్నే వచ్చిన తాత విని, "ఆయ్, ఇది నిన్న నేను వాయించిందే కదా బాబూ! ఇంకాస్త మంట చూపించాలంటే అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు.

డబ్బు పెట్టి పాట చేయించుకున్నాయన, అంటే పాడినాయనే, సాయంత్రం వచ్చాడు. మొత్తం పాట సెల్‌ఫోన్ స్పీకర్లో విన్నాడు.

"అంతా బాగుందండి. నా గొంతొక్కటీ కొంచెం పెంచాలండి."

మనవాడు గంభీరంగా మానిటర్‌కేసి వంగి, ఏ పాటా లేని చానల్లో ఒక నాబు తిప్పాడు.

"చూశారా, ఎంత తేడానో!" అన్నాడాయన. మిగతా డబ్బు జాతరయ్యాక ఇస్తానని చెప్పి బండెక్కాడు.

జాతరై నెలవుతోంది.