నేను ‘ఫార్మర్’ క్లాసును

నేనొక టైప్‌స్క్రిప్ట్ క్లాసును. కర్నూలు యార్డుకు ఉల్లిగడ్డలు తెచ్చే రైతుల లెక్కల కోసం చేసిన ఒక చిన్న వెబ్ అప్లికేషన్‌లో పుట్టాను. పేరు, ఊరు, సర్వే నంబరు, బస్తాలు, తూకం, ధర లాంటివి నాలో ఉండేవి. 2012లో మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్ భాషను బయటపెట్టింది తప్పులు ముందే పట్టుకోవడానికి.

నన్ను రాసినవాళ్లు జావా నేర్చుకుని వచ్చారు. ఒక్క ‘ఊరు’ను మూడుచోట్ల రాశారు: పైన ప్రకటన, కన్‌స్ట్రక్టర్‌లో పేరు, లోపల ‘దిస్’తో అప్పగింత. కన్‌స్ట్రక్టర్‌లోనే ‘పబ్లిక్’ అని చేరిస్తే మూడూ ఒకటయ్యేవి. పైగా ప్రతిదానికీ గెట్టర్, సెట్టర్. అవి దేన్నీ తనిఖీ చేయవు, ఇచ్చింది పెట్టుకోవడమే.

సర్వే నంబరును ‘నంబర్’ రకం చేశారు. అన్నదమ్ములు పంచుకున్న చేను 214/2ఏ, 214/2బి అవుతుంది. ఆ గీతా, ఆ అక్షరమూ నాలో పట్టలేదు. ఇద్దరి చేలూ ఒట్టి 214 అయ్యాయి. తప్పు నామీద పడింది.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌ను విప్పితే దొరికేది ఒట్టి ఆబ్జెక్టు. పక్కన ‘యాజ్ ఫార్మర్’ అని రాస్తే కంపైలర్ నమ్ముతుంది గానీ నా మెథడ్లు అందులోకి రావు. హమాలీ ఖర్చు పోను చేతికెంత వస్తుందో లెక్కగట్టే మెథడ్ నా గర్వం. కాటా అయ్యాక రైతు ఆ అంకె కోసం నిలబడి ఉంటే తెరమీద గడి ఖాళీ. కన్సోల్‌లో మాత్రం ‘ఇది ఫంక్షన్ కాదు’ అని ఎర్రటి వరుస.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆళ్లగడ్డ రైతు జిల్లాను నంద్యాలగా మార్చడానికి నన్నూ, నా పైనున్న రెండు మాతృ క్లాసులనూ తెరవాల్సి వచ్చింది. అప్పుడే కొత్తగా చేరిన ఒకమ్మాయి నన్ను ఇంటర్‌ఫేస్‌గా మార్చింది. టైప్‌స్క్రిప్ట్ చూసేది ఆకారాన్ని, కాబట్టి సర్వర్ పంపిన ఆబ్జెక్టు నేరుగా సరిపోయింది. సర్వే నంబరు ‘స్ట్రింగ్’ అయింది. నా లెక్క విడి ఫంక్షనై, ఏ రికార్డు ఇచ్చినా పనిచేస్తోంది. కంపైల్ అయ్యాక జావాస్క్రిప్ట్‌లో నాది ఒక్క వరుసా మిగలదు. ఆ మార్పు సరైనదే. ఆ లెక్క నాది కాకుండా పోయిందన్న దిగులు మాత్రం ఉంది.

నా పాత ఫైలును మాత్రం ఎవరూ తీసేయలేదు. మోడల్స్ ఫోల్డర్‌లో చాలాకాలం పడి ఉంది. పిలిచేవాళ్లు లేరు. కొత్తగా వచ్చినవాళ్లు అదే అసలుదనుకుని అందులో ఫీల్డులు చేర్చి, తెరమీద ఎందుకు రావడం లేదని రాత్రిదాకా వెతికేవారు. వాళ్ల కష్టం చూస్తూ ఏమీ చెప్పలేకపోయాను. వాడని క్లాసును ఆ రోజే తీసేయాలి.

ఇంకో పని మిగిలింది. తూకం తేదీని నాలో ‘డేట్’ అనే ఉంచారు. జేసన్‌లో తేదీ అనే రకమే లేదు, వచ్చేది అక్షరాలే. ఎవరైనా దానిమీద ‘గెట్‌డే’ పిలిస్తే వారం లెక్క ఆగిపోతుంది. ‘స్ట్రింగ్’ అని రాసి, సర్వర్ నుంచి తెచ్చుకునే ఆ ఒక్కచోటే సరిచూసి తేదీగా మార్చుకోండి.