బాక్సన్న

జిమ్‌లో ట్రైనర్లు రెండు రకాలు. జీతం తీసుకునేవాడొకడు, ఫీజు కట్టేవాడొకడు. బాక్సన్న రెండో రకం. అసలు పేరు రిజిస్టర్లో ఉంటుంది గానీ దాంతో ఎవరికీ పనిలేదు.

నడుముకు నాలుగంగుళాల తోలు బెల్టు. మంచినీళ్లకు వెళ్లినా విప్పడు. ఆయన ఆస్తి, కార్పెంటరు చేత చేయించి పైన రెక్సిన్ వేయించిన చెక్కపెట్టె. దానిమీద ఎవరైనా కూర్చుని షూ లేసులు కట్టుకుంటే, పూజగదిలోకి చెప్పులతో వచ్చినట్టు చూస్తాడు.

కొత్త కుర్రాడెవడైనా బార్ కిందకు దూరాడా, "తమ్ముడూ, ఆగు!" ఇక పురాణం మొదలు. 1960ల్లో కాలిఫోర్నియాలో, కల్వర్ సిటీలోని వెస్ట్‌సైడ్ బార్బెల్ అనే జిమ్ వాళ్లు పెట్టెల మీద స్క్వాట్లు చేసేవారు. ఆ సంగతి పత్రికల్లో చదివిన పవర్‌లిఫ్టింగ్ కోచ్ లూయీ సిమన్స్, ఒహాయోలోని కొలంబస్‌లో తన జిమ్‌కు ఆ పేరే పెట్టుకున్నాడు. సిమన్స్ 2022 మార్చిలో పోయినప్పుడు బాక్సన్న మైల పట్టాడని మా జిమ్‌లో పుకారు.

చిక్కేమిటంటే, ఆయన చెప్పేదంతా నిజమే. తొడలు నేలకు సమాంతరంగా వచ్చే ఎత్తు పెట్టె చూసుకోవాలి. తుంటిని వెనక్కి పంపుతూ మెల్లగా దిగాలి. మోకాలి కింది భాగం నిలువుగా ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది, పిర్రలూ తొడ వెనక కండరాలూ పని అందుకుంటాయి. పెట్టె తగిలాక క్షణం ఆగాలి, పొట్ట బిగువు మాత్రం సడలకూడదు. అలిసిపోయి సగంలోనే లేచే దొంగాటకు పెట్టె ఒప్పుకోదు. "దభీమని కూలబడ్డావో, పైన బారు, కింద పెట్టె, మధ్యలో నీ వెన్నుపూస!" అని అరచేతుల మధ్య ఖాళీ డబ్బా నలిపి మరీ చూపిస్తాడు.

తర్వాత ఆయన వంతు వస్తుంది.

బరువు పెరిగినప్పుడల్లా పెట్టె మీదకు ఓ రబ్బరు మ్యాటు చేరుతుంది. ఈ లెక్కన 200 కిలోలకు వచ్చేసరికి నిలబడే కూర్చుంటాడు. దబ్! అద్దాలు అదురుతాయి. ముందుకీ వెనక్కీ ఓ ఊపు ఊగి, లేస్తాడు. సిమన్స్ శిష్యులు వారంలో ఒక రోజు తేలిక బరువుతో, వేగంగా, రెండేసి రెప్పులు చేస్తారన్న అధ్యాయం ఈయన ఎందుకో తిప్పేశాడు. "అలా పడ్డావేంటన్నా?" అని అడిగితే, "అది అడ్వాన్స్‌డ్ తమ్ముడూ."

మూలన రిటైరైన టీచర్ గారొకరు రోజూ ప్లాస్టిక్ కుర్చీ మీద ఇదే పని చేస్తుంటారు. బరువు లేదు, బెల్టు లేదు. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, చప్పుడు లేకుండా కూర్చుని లేస్తారు. పెద్దవాళ్ల కాళ్ల సత్తువ చూడ్డానికి 30 సెకన్లలో ఇలా ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టే పరీక్షే ఉంది.

"టీచర్ గారూ, కాస్త వెనక్కి కూర్చోవాలండీ," అన్నాడు బాక్సన్న.

"నాయనా, నువ్వు కూర్చున్నప్పుడల్లా ఉలిక్కిపడి నా లెక్క తప్పుతోంది."

"చప్పుడొస్తేనే కదండీ, పూర్తిగా దిగినట్టు తెలిసేది!"