కవిత్వానికి గంగడోలు ఎక్కడ?

"కవిత్వానికి నిర్వచనం లేదండీ" అంటూ ముఖ్య అతిథిగారు మైకు సవరించుకున్నారంటే, నేను గుమ్మం ఎటువైపుందో ఓసారి చూసుకుంటాను. లేదన్నాక ఊరుకోవాలి కదా. ఊరుకోరు. ఆ తర్వాత నలభై నిమిషాలూ నిర్వచనాలే. కవిత్వమంటే గాయం. కవిత్వమంటే ఆ గాయానికి అద్దే పసుపు. కవిత్వమంటే చంటిపిల్ల నిద్రలో నవ్విన నవ్వు, వాన వెలిశాక చూరు మీంచి జారే ఆఖరి చుక్క, చిరునామా లేని ఉత్తరం. ఒకసారి ఆహ్వానపత్రిక వెనక గీతలు గీస్తూ లెక్కపెట్టాను. 17 తేలాయి. అందులో ఏ ఒక్కటీ ఇంకోదానితో పేచీ పడలేదు. పేచీ రావాలంటే ఏదో ఒకటి ఏదైనా చెప్పి ఉండాలి మరి.

సభ అయ్యాక మెట్ల దగ్గర టీ తాగుతూ అదే పెద్దమనిషి ఒక కుర్రాడి పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. రెండు పేజీలు తిరగేశారు. "ఇది కవిత్వం కాదోయ్" అని తేల్చేశారు. కుర్రాడు తలొంచుకుని ఖాళీ గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు. నాకు మాత్రం టీ గొంతు దిగలేదు. నిర్వచనమే లేని వస్తువు ఇది కాదని ఈయనకెలా తెలిసింది? వేదిక మీద ఉన్నంతసేపూ ఎవరికీ అందనిది, మెట్లు దిగేసరికి ఈయన జేబులోకి ఎలా వచ్చింది?

నా గొడవంతా ఆ జేబు గురించే.

తర్కం చదువుకున్నవాళ్లు నిర్వచనాల సంగతి ఆవుని అడ్డం పెట్టుకుని తేల్చుకునేవారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడేనని తెలుగువాళ్లం చెప్పుకుంటాం కాబట్టి, ఆ ఆవు మీద మనకూ కాస్త హక్కుంది. ఆవంటే ఏమిటి? కపిల వర్ణంలో ఉండేది అన్నావనుకో, తెల్లావు పాక బయటే నిలబడిపోతుంది. అది అవ్యాప్తి. కొమ్ములున్నది అన్నావా, గేదే మేకా కూడా తోసుకుంటూ లోపలికొస్తాయి. అది అతివ్యాప్తి. ఒంటి గిట్ట ఉన్నది అన్నావో, పాకలోకి ఒక్క ఆవూ రాదు. అది అసంభవం. చివరికి మెడ కింద వేలాడే గంగడోలు దగ్గర పంచాయితీ తెగుతుంది. అది ఉంటే ఆవు, లేకపోతే ఇంకేదో.

మరి కవిత్వం మెడ కింద ఏం వేలాడుతోంది?

ఛందస్సే అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పాపం. వాళ్ల పాకలోకి అందరికంటే ముందు దర్జాగా నడిచొచ్చేవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుడి లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో తెలుగు చేసిన మహానుభావుడు. గణితానికి గణాలు కుదిరాయి, యతిప్రాసలూ పడ్డాయి. ఆయన వెనకాలే పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం పట్టుకుని వస్తాడు. అదీ పద్యాలే, కాకపోతే నిఘంటువు. పద్యం ఎలా రాయాలో పద్యాల్లోనే చెప్పిన అప్పకవీయం సరేసరి. అటుపక్క పాక బయట ఎవరెవరు నిలబడ్డారో చూడండి. సింహగిరి వచనాలు రాసిన కృష్ణమాచార్యులు, 1988 జ్ఞానపీఠం అనగానే గుర్తొచ్చే సి. నారాయణరెడ్డి విశ్వంభర. అంతెందుకు, నన్నయ భారతం పద్యమూ వచనమూ కలిసిన చంపువు. వచనం వచ్చిన ప్రతిచోటా ఆయన కవిత్వం మాని కాసేపు విశ్రాంతి తీసుకున్నాడనాలా? 1939లో ఫిడేలు రాగాల డజన్‌తో పఠాభి ఛందస్సు మీదికి కర్ర పుచ్చుకుని వచ్చాడంటే ఊరికే రాలేదు.

ఛందస్సు పోతే పోయింది, పాదాలైనా మిగిలాయి కదా అంటారు. దాని గురించి నాకు స్వానుభవం ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక పత్రికలో కవితల పేజీ చూసేవాణ్ణి. ఓ శుక్రవారం రాత్రి, పేజీ వెళ్లిపోవలసిన వేళ, డీటీపీ కుర్రాడు పిలిచాడు. "సార్, నాలుగు లైన్లు కిందికి జారిపోతున్నాయి. కలిపెయ్యనా?" కలిపెయ్యమన్నాను. ఎనిమిది పాదాలు నాలుగయ్యాయి. ఇప్పుడు కొంచెం చోటు ఎక్కువైంది. ఎందుకైనా మంచిదని మధ్యలో ఒక చుక్కల వరుస పెట్టాడు. "కవితలా ఉంటుంది సార్" అన్నాడు. సోమవారం పొద్దున్నే కవిగారి ఫోన్. క్షమాపణ మాటలు గొంతులో సిద్ధంగా ఉంచుకునే ఎత్తాను. "ఫొటో మరీ చిన్నదిగా వేశారేమండీ?" అన్నారాయన. అంతే. తర్వాత ఆ కవిత పుస్తకంలోకి ఎక్కింది, నాలుగు పాదాలతోనే, చుక్కల వరుసతో సహా. ఒక సమీక్షకుడు ఆ చుక్కల దగ్గర ఆగి, అక్కడ మాటలు మూగబోయి వేదన మాట్లాడుతోందని రాశాడు.

ఆ కుర్రాణ్ణి ఒకసారి అడిగాను, నీ లెక్కన కవితంటే ఏమిట్రా అని. "లైను మధ్యలో ఎంటర్ కొడితే కవిత, పేరా చివర కొడితే కథ సార్" అన్నాడు తల తిప్పకుండానే. ఆ ఏడాది నేను విన్న నిర్వచనాల్లో నిర్వచనం అనదగ్గది అదొక్కటే. తప్పే, కాదనను. పచారీ కొట్టు చీటీ కూడా అందులోకి దూరుతుంది: కందిపప్పు కిలో, చింతపండు పావు, కింద ఖాళీ. కానీ ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపించగలిగాం చూశారా? గాయానికి పసుపు అన్న పెద్దమనిషిని ఎక్కడ పట్టుకుంటారు?

తప్పు చెప్పగలగడం కూడా ఒక మర్యాద. పాతవాళ్లకి ఆ మర్యాద ఉండేది. కావ్యప్రకాశంలో మమ్మటుడు ధైర్యంగా ఒక మాట అన్నాడు. దోషాలుండకూడదు, గుణాలుండాలి, అలంకారం ఎక్కడైనా తగ్గినా సర్దుకోవచ్చు, అలాంటి శబ్దార్థాలు కావ్యమన్నాడు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వచ్చి గల్లా పట్టుకున్నాడు. దోషం లేనిదే కావ్యమైతే లోకంలో కావ్యం దొరకడమే గగనం కదయ్యా, పురుగు తొలిచినంత మాత్రాన రత్నం రత్నం కాకుండా పోతుందా అని నిలదీశాడు. నిలదీసి ఊరుకోకుండా, రసమున్న వాక్యమే కావ్యమని తన మెడ తానే ముందుకు చాచాడు. ఆ మెడ కోసం కోనసీమ ముంగండ నుంచి షాజహాన్ కొలువు దాకా వెళ్లిన మన జగన్నాథ పండితరాయలు కాచుకుని ఉన్నాడు. రసం ఒక్కటే గురుతైతే, మహాకవులు చేసిన ఏటి ప్రవాహాల వర్ణనలూ, కోతుల గంతులూ, పిల్లల ఆటలూ ఏ గంగలో కలపమంటావని అడిగాడు. రమణీయమైన అర్థాన్నిచ్చే శబ్దం కావ్యమని తన మాట పెట్టాడు. పెట్టినవాడు ఉదాహరణలకి ఇంకొకరి పద్యాలు అరువు తెచ్చుకోలేదు. రసగంగాధరంలో అన్నీ తానే రాసి పెట్టాడు. నా కొలబద్ద ఇదీ, దీనితో ముందు నన్నే కొలవండి అన్నట్టు.

రమణీయం అంటే ఏమిటని మళ్లీ అడగొచ్చు. అడిగారు కూడా. శతాబ్దాల తరబడి సాగిన ఈ తగాదాలో ఎవరూ గెలవలేదు. కానీ ఓడినవాడు ఎక్కడ ఓడాడో స్పష్టంగా ఉంది. మన సభల్లో ఓడేవాళ్లు లేరు. అందరికీ శాలువాలే.

నిజానికి అసంభవానికి మంచి ఉదాహరణ కావాలంటే తర్కశాస్త్రం దాకా పోనక్కర్లేదు. "కవిత్వమంటే మౌనం" అనే వక్త చాలు. ఒంటి గిట్ట ఆవు అదే. మౌనం గురించి ఆయన గంటంపావు మాట్లాడతారు. నిర్వాహకులు చీటీ పంపిస్తారు, దాన్ని మడిచి మైకు స్టాండు కింద పెట్టి కొనసాగిస్తారు.

అక్షరాలు లెక్కపెట్టుకునేవాళ్ల సంగతి కొంత నయం. ఎన్. గోపి నానీలకి నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు అన్నారు. లెక్క కళ్ల ముందుంది, ఒప్పుకోవచ్చు, మానొచ్చు. ఆయన లెక్క నానీకి చెప్పాడు గాని కవిత్వానికి చెప్పలేదు. ఆ తేడా మరిచిపోయి, మూడు పాదాలకో అయిదు పాదాలకో ఒక కొత్త పేరు పెట్టి, పేరు కింద "ప్రక్రియ రూపకర్త" అని అచ్చు వేయించుకుని, వాట్సాప్‌లో ప్రశంసాపత్రాలు పంచేవాళ్లు ఎక్కువైపోయారు. పాక కట్టారు, రంగు వేశారు, ఆవుని మాత్రం తోలుకురాలేదు.

ముందుమాటల గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. "ఇది అచ్చమైన కవిత్వం" అన్న మాట లేని ముందుమాట ఈమధ్య మీరెక్కడైనా చూశారా? అచ్చం కాని కవిత్వం ఎలా ఉంటుందో రాసిన ముందుమాట మాత్రం నేను చూడలేదు. మహాప్రస్థానానికి చలం రాసిన ముందుమాట పేరే యోగ్యతాపత్రం. పేరు చూసి, ఇంకేం, ముద్ర కొట్టేశాడనుకుంటాం. లోపలికి వెళ్తే ఆయన, కవిత్వాన్ని తూచడానికి తన దగ్గర రాళ్లు లేవని మొదట్లోనే చేతులెత్తేశాడు. అలా ఎత్తేసి, ఆ కవిత్వం చదివితే తనకేం జరిగిందో చెప్పుకుంటూ పోయాడు. ఇప్పటివాళ్లు ఆ పేరు తీసుకున్నారు, ఒప్పుకోలు వదిలేశారు. రాళ్లు లేకపోయినా త్రాసు పట్టుకుని కూర్చుంటారు. ఎటు మొగ్గాలో త్రాసుకి ముందే తెలుసు.

ఇక ఆ జేబు. మన సాహిత్యంలో "ఇది కవిత్వం కాదు" అన్న మాట ఎవరెవరి మీద పడిందో ఒకసారి తలుచుకోండి. వచన కవిత మీద పడింది. అది కవిత్వమేనని ఒప్పించడానికి కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ అని ఒక జెండాయే ఎత్తవలసి వచ్చింది. 1965లో వచ్చిన దిగంబర కవులు ఈ పేచీ మాకెందుకన్నట్టు తమ రాతలకి కవితలన్న పేరే పెట్టుకోలేదు, దిక్‌లు అన్నారు. ఆడవాళ్లు తమ ఒంటి గురించీ ఇంటి గురించీ రాస్తే అది కవిత్వం కాదు, బూతు. 1993లో నీలిమేఘాలు సంకలనం వచ్చేనాటికి ఆ ముద్ర బాగానే అరిగింది. దళితులు రాస్తే కవిత్వం కాదు, నినాదం. చిక్కనవుతున్న పాట, పదునెక్కిన పాట సంకలనాల పేర్లలోనే దానికి జవాబుంది. పాట అయితే కవిత్వం కాదు, పాట! ఆ పాట కట్టే గోరటి వెంకన్న వల్లంకి తాళానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాక "ఆయనలో మొదటినుంచీ కవి ఉన్నాడు" అన్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లే అంతకు ముందు ఏమనేవారో కూడా తెలుసు.

ఈ కాదన్నవాళ్లలో ఒక్కరూ, అవునంటే ఏమిటో చెప్పిన పాపాన పోలేదు. చెబితే చిక్కు. లక్షణం ఒకటి బయటికి తీస్తే, ఎవడో ఒకడు దాన్ని పట్టుకెళ్లి ముందు ఆయన సొంత సంపుటాల మీదే పెట్టి చూస్తాడు. అచ్చయిన తొమ్మిదింట్లో ఏడు పాక బయట నిలబడొచ్చు. అందుకే తాను రాసేటప్పుడు కవిత్వం అనిర్వచనీయం, ఎదుటివాడు రాసినప్పుడు అది ఆయనకి అరచేతిలో ఉసిరికాయ. జేబులో ఉన్నది నిర్వచనం కాదు, ఖాళీ. ఆ ఖాళీలోంచి ఎప్పుడు ఏది కావాలంటే అది తీయొచ్చు.

కవిత్వాన్ని నిర్వచించడం నిజంగా కష్టమేనని నేనూ ఒప్పుకుంటాను. ఏ.ఈ. హౌస్‌మన్ అనే ఇంగ్లీషు కవి 1933లో కేంబ్రిడ్జిలో మాట్లాడుతూ, ఎలుకని నిర్వచించమంటే కుక్క ఎంత చెప్పగలదో కవిత్వం గురించి తానూ అంతే చెప్పగలనన్నాడు. మన వక్తలకి ఈ మాట మహా ఇష్టం. కాకపోతే సగమే గుర్తుంటుంది. ఆ కుక్క నిర్వచనం చెప్పదు, నిజమే. కానీ ఎలుక వాసన తగిలితే పసిగడుతుంది, చెవులు నిక్కబొడుస్తుంది. కన్నం దగ్గర నిలబడి గంటన్నర ప్రసంగించదు. పిల్లి కనబడితే "ఇది ఎలుక కాదోయ్" అని తీర్పు చెప్పి టీ తాగదు.

కాబట్టి అయ్యా, అమ్మా, వచ్చే ఆదివారం ఎక్కడో ఒకచోట ఆవిష్కరణ ఉండే ఉంటుంది. ముఖ్య అతిథులు మీరే అయ్యుంటారు. దయచేసి ఒక్క నిర్వచనం చెప్పండి. తప్పుదైనా పర్వాలేదు, డీటీపీ కుర్రాడు చెప్పినంత తప్పుదైనా పర్వాలేదు. చెప్పి, మీ పుస్తకంలోంచే ఒక కవిత తీసి దానిమీద పెట్టి చూపించండి. అది కాస్తా విరిగితే మీ తర్వాత మాట్లాడేవాళ్లు ఇంకోటి చెబుతారు. అంతవరకూ ఆ కుర్రాడి పుస్తకం అతనికిచ్చెయ్యండి.