చంద్రుల వారి సముఖానికి టార్చిలైటు అర్జీ

రాత్రి వెలుతురు కొలతలకు అధిపతులైన మహారాజశ్రీ చంద్రుల వారి సముఖానికి, కోవూరు వాస్తవ్యులలో పెంచలకోన కొండలెక్కేవారు, రామతీర్థం ఇసుకలో గుడారం వేసుకునేవారు కలిసి చేసుకుంటున్న బహిరంగ విన్నపం.

టార్చిలైటు పెట్టె మీద ‘600 మీటర్లు’ అని అచ్చు వేసే మాటకు తమరే పూచీ అన్న సంగతి కొనేవారిలో చాలామందికి తెలియదు. అమెరికాలో 2009లో వెలువడిన ఎఫ్ఎల్ 1 ప్రమాణం ప్రకారం, టార్చి కాంతి పావు లక్స్‌కు తగ్గేంతవరకు ఉన్న దూరమే దాని రేంజి. లక్స్ అంటే ఒక ఉపరితలం మీద పడే వెలుతురుకు కొలత కాగా, పావు లక్స్ అంటే పున్నమినాడు ఆరుబయట తమరు ప్రసాదించే వెన్నెలకు ఇంచుమించు సమానమని ఆ ప్రమాణకర్తల లెక్క. వెన్నెల్లో దారి తెలుస్తుంది గానీ, దూరాన పొదపక్కన కదిలింది ఎలుగో ఎనుమో తేలదు కనుక, పెట్టె మీది దూరంలో మూడోవంతునే నమ్ముకోవడం వివేకం. అంత దగ్గరలో వెలుతురు తొమ్మిదింతలు ఉంటుంది.

ఇక ల్యూమెన్ల గోల. ల్యూమెన్ అనేది టార్చి వెదజల్లే మొత్తం వెలుతురుకు కొలత, కాండెలా అనేది ఒక దిక్కున పోయే కాంతి తీవ్రతకు కొలత. అంగళ్లలో మొదటిదే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది, దూరాన్ని తేల్చేది మాత్రం రెండోది. 10,000 కాండెలాలకు 200 మీటర్లు, 40,000కు 400 మీటర్లు వస్తాయి. అంటే దూరం రెట్టింపు కావాలంటే తీవ్రత నాలుగింతలు కావాలి, అందుకే దూరం కొట్టే టార్చీలకు రిఫ్లెక్టరు, అనగా బల్బు చుట్టూ మెరిసే గిన్నె, వెడల్పుగా ఉంటుంది. వెలిగే గంటల లెక్కా ఇలాంటిదే: మొదటి వెలుతురులో పదోవంతు మిగిలేదాకా గడిచే కాలమంతా అందులో చేరుతుంది.

దూరమే సర్వస్వమూ కాదు. పొగమంచులో సన్నని పొడవాటి కిరణం తెల్లగోడకు తగిలినట్టు కళ్లమీదికే తిరిగివస్తుంది. గుడారం దగ్గర వంటకు, తాడు ముడికి పరుచుకునే మందవెలుగే పనికొస్తుంది. చలికాలం చివర మా నెల్లూరు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. సముద్రం మీది మినుకును చూసి నీటివైపు నడిచే వాటి పిల్లలు టార్చి వేస్తే దారి తప్పుతాయి కనుక, అక్కడ దాన్ని ఆర్పివేయడమే మర్యాద. పెంచలకోన కొండలున్న పెనుశిల నరసింహ అభయారణ్యంలో అడుగుపెట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలి, ఎన్ని కాండెలాలున్నా టార్చి అనుమతిపత్రం కాజాలదు.

పెట్టె మీది అంకెలే అన్నీ కావనడానికి ఒక సాక్ష్యం: నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డాన్ పేరిట లోకానికి తెలిసిన కలివికోడి అనే పక్షి అంతరించిందని పండితులు తేల్చాక, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడి టార్చి వెలుగులో దొరికింది. అప్పటికి ఎఫ్ఎల్ 1 పుట్టడానికి ఇంకా ఇరవైమూడేళ్లు ఉంది. చూసే కన్ను తయారీదారులు అమ్మే సరుకు కాదు.

కావున, తమ పేరు చెప్పుకుని అమ్మే ప్రతి పెట్టె మీద ‘ఇవి వెన్నెల మీటర్లు’ అని, పక్కనే కాండెలాల సంఖ్యను పెద్దక్షరాల్లో అచ్చు వేయించవలసిందిగా, నెలకొకసారి తమరు అమావాస్య సెలవు తీసుకుంటారు గనుక కొండకు పోయేవారు అదనపు బ్యాటరీ వెంట ఉంచుకోవాలని కూడా అందులో చేర్పించవలసిందిగా కోరడమైనది.

ఇట్లు,
కోవూరు వాస్తవ్యులు