విమానం కూడా చిన్న దుకాణమే

కరోనా కాలంలో ఢిల్లీ సర్కారుకు చిన్న వ్యాపారుల మీద ప్రేమ పొంగుకొచ్చింది. పొంగి పొంగి చివరికి విమానమెక్కింది.

2020 మేలో 3 లక్షల కోట్లతో అత్యవసర రుణ హామీ పథకం తెచ్చారు. తాకట్టు అక్కర్లేదు, బాకీ మునిగితే పూచీ సర్కారుదే. మొదట 100 కోట్ల టర్నోవర్ దాటనివాళ్లకే అన్నారు. ఆగస్టుకల్లా అది 250 కోట్లయింది. నవంబరు వచ్చేసరికి కొన్ని రంగాల్లో 500 కోట్ల దాకా బాకీ ఉన్న కంపెనీలూ పాపం అనిపించుకున్నాయి, టర్నోవర్ ఎంతైనా సరే. 2021లో హోటళ్లు, ఆ వెంటనే విమానాలు. 2022 అక్టోబరులో ఒక్కో విమాన సంస్థకు 1,500 కోట్ల దాకా ఇవ్వొచ్చన్నారు. ఇంత చిన్న వ్యాపారం మిర్యాలగూడ అంతా గాలించినా దొరకదు. రైస్‌మిల్లులు బోలెడున్నాయి గానీ, ఒక్కదానికీ రెక్కల్లేవాయె.

నాగార్జునసాగర్ డ్యామ్ దగ్గర చేపల ఫ్రై బండి పెట్టుకున్నావిడ సంగతి చూద్దాం. లాంచీలు ఆగాయి, టూరిస్టులు లేరు, మూకుడు బోర్లించింది. పథకం ప్రకారం 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకుకు ఎంత బాకీ ఉంటే అందులో 20 శాతం కొత్త అప్పు. ఆవిడకు బ్యాంకులో బాకీ ఎక్కడిది? ఉన్నదల్లా గిరిగిరి ఫైనాన్స్ వాడి దగ్గర. పొద్దుగూకితే బైకు మీద వచ్చి, నోట్లు లెక్కపెట్టుకుని, నలిగిన చిన్న పుస్తకంలో ఒక గీత గీసి పోతాడు. ఆ పుస్తకం ఏ మేనేజరు ముఖాన పెట్టాలి? అప్పు లేదు కాబట్టి అప్పు పుట్టదు!

ఆవిడకు వీధి వ్యాపారుల స్వనిధి అప్పు ఉందిగా అంటారు. ఉంది, అప్పట్లో మొదటి విడత 10,000 రూపాయలు. దానికీ నందికొండ మున్సిపాలిటీ గుర్తింపు కార్డో, సిఫార్సు లేఖో కావాలి. ఒక్క విమాన సంస్థకు పెట్టిన పరిమితిలో అలాంటి అప్పులు 15 లక్షల మందికి ఇవ్వొచ్చు.

ఖాతాల లెక్కన చూస్తే లబ్ధిదారుల్లో చిన్నవాళ్లే ఎక్కువని సర్కారు వాదన. నిజమే. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకూ కాగితం మీద వాటా ఉంది, పైతూముల వాళ్లు తాగి వదిలితేనే పారుతుంది.

అమెరికాలోనూ ఇదే తంతు. 2020లో చిన్న వ్యాపారాల నిధి నుంచి లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు 46 లక్షల డాలర్లు, షేక్ షాక్ బర్గర్ల కంపెనీ కోటి డాలర్లు తీసుకున్నాయి. జనం దుమ్మెత్తిపోస్తే తిరిగిచ్చేశాయి. మన దగ్గర ఆ అవస్థ రాదు. సిగ్గుపడాల్సిన అవసరం రాకముందే నిబంధన మారుతుంది. ఈ పథకం కింద అప్పు తీసుకున్న గో ఫస్ట్ విమాన సంస్థ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. పూచీ ఎవరిదో పైన చెప్పుకున్నాం.

2025 ఏప్రిల్ నుంచి 500 కోట్ల టర్నోవర్ ఉన్నా మధ్యతరహా సంస్థే. సూర్యాపేట హైవే పక్కన టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు కాస్త జరగండి, వెనక ఇంకా పెద్ద 'చిన్నవాళ్లు' వస్తున్నారు.