అడక్కుండా అయిదు మిల్లీలీటర్లు

విశాఖ రేవులో కస్టమ్స్ కాగితం లేకుండా కంటైనర్ సీలు తెంపితే కొంపలంటుకుంటాయి. అదే రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి నరంలో సూది దింపడానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు.

గాజువాక పెద్దాయన ఒకరు హెర్నియా ఆపరేషన్‌కి ప్రైవేటు ఆస్పత్రిలో చేరారు. ఆస్పత్రి పేరు వద్దులెండి, చాలా బోర్డులకి నప్పుతుంది.

"ఏటి బాబూ, ఇంత రగతం దేనికి?"

"రొటీనండి."

"సుగరుకా?"

"అన్నిటికీనండి. ఇక్కడ సంతకం ఎట్టండి."

ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. కోతకీ, మత్తుకీ, బిల్లుకీ, చావుకీ కలిపి ఒకటే సంతకం. డిశ్చార్జి రోజున బిల్లులో 'వైరల్ మార్కర్స్' అని ఒక వరస కనబడింది. వాట్సాప్‌లో వైరలయ్యేవాటికి కూడా ఆస్పత్రే డబ్బులు వసూలు చేస్తోందా అని పెద్దాయన మనవణ్ణి అడిగారు. వాడు చెబితే గాని అందులో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉందని తెలీలేదు. ఫలితం నెగెటివే. ఆ ముక్క కూడా ఆయనకెవరూ చెప్పలేదు.

ఈ హెచ్‌ఐవీ పరీక్షకో చట్టం ఉంది. 2017లో పార్లమెంటు చేసింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ముందు కూర్చోబెట్టి విషయం చెప్పాలి, మనిషి ఒప్పుకోవాలి, ఆ తర్వాతే సూది. ఫలితం వచ్చాక మళ్లీ కౌన్సెలింగ్. పరీక్ష చేయించుకుంటేనే వైద్యం చేస్తాం, ఉద్యోగమిస్తాం అనడం నిషేధం. అంగీకారం అక్కర్లేని సందర్భాలు కొన్నే: కోర్టు ఆదేశం, బ్లడ్ బ్యాంకులో రక్తం పరీక్ష, పేర్లు లేకుండా చేసే సర్వేలు, అవయవాలూ వీర్యం వగైరా సేకరణ. హెర్నియా కోసం వెతికాను. లేదు.

"మా స్టాఫ్ భద్రత సంగతేమిటి?" అంటారు యాజమాన్యం వారు. భేషైన ప్రశ్న. చట్టం కూడా అదే అడిగింది, కాకపోతే వారినే అడిగింది. సిబ్బందికి గ్లవ్స్ లాంటి రక్షణ సామగ్రి ఇవ్వాలి, వాడకం నేర్పాలి, సూది గుచ్చుకుంటే వెంటనే మందులివ్వాలి. సోకిన తొలి వారాల్లో పరీక్ష నెగెటివనే చెప్పొచ్చు కాబట్టి ఈ జాగ్రత్త ప్రతి రోగి దగ్గరా ఉండాల్సిందే. అయితే గ్లవ్స్‌కి డబ్బు పోతుంది, పరీక్షకి డబ్బు వస్తుంది. భద్రత ఏ పక్కకి మొగ్గుతుందో క్యాషియర్‌కి తెలుసు.

పరీక్ష తప్పనిసరిగా చెయ్యాల్సిన చోట మాత్రం మనవాళ్లకి బద్ధకం. సింగరేణి ఆస్పత్రిలో ఒక ఇల్లాలికి ఆపరేషన్ చేస్తూ హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యని రక్తం ఎక్కించారు. వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెక్కింది. 2001లో కోర్టు పరిహారం ఇప్పించి, రక్తం విషయంలో ఏమేం చెయ్యాలో ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది.

మన ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌లో హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం (ఐసీటీసీ) ఉంది. పైసా అడగరు. ముందు మాట్లాడతారు, తర్వాతే రక్తం తీస్తారు. అయిదు నక్షత్రాల లాబీలు కట్టినవాళ్లకి రెండు కుర్చీలూ ఒక తలుపూ ఉన్న గది కరువైంది.

ఆ ప్రైవేటు ఆస్పత్రి వార్డులోనే పెద్దాయన పక్క మంచం మీద ఓ లారీ డ్రైవరున్నాడు. అతని ఫైలు మీద ఎర్ర స్టిక్కరు అంటించారు. భోజనం ట్రాలీ తోసే కుర్రాడికీ, తుడిచే ఆవిడకీ, పక్క మంచం చుట్టాలకీ సంగతి తెలిసిపోయింది. అతనికి మాత్రం డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చాక చెబుతారట. ఇరవైమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే ఆస్పత్రిలో ఇలాంటివాటికో ఫిర్యాదుల అధికారి ఉండాలని చట్టం. ఫిర్యాదు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాక, ఆయన ఆదేశాన్నీ ఆస్పత్రి ధిక్కరిస్తే పదివేల దాకా జరిమానా. డీలక్స్ గది బిల్లు చూసినవాళ్లకి అదో లెక్కా?

డ్రైవరు తమ్ముడు కిందికి దిగి రిసెప్షన్‌లో అడిగాడు. బిల్లింగ్‌కి పొమ్మన్నారు. అక్కడి అమ్మాయి అద్దం వెనకనుంచి, లైన్లో ఉన్న పదిమంది ముందూ అడిగింది:

"ఫిర్యాదు దేనిమీదండి?"

"మా అన్నయ్య రిపోర్టు గుట్టుగా ఉంచలేదని."

"వినబడట్లేదండి. ఏం రిపోర్టో కాస్త గట్టిగా చెప్పండి!"