వయ్యారిభామ ఆత్మకథ

ఈ ఆత్మకథ వయ్యారిభామది. పార్థీనియం హిస్టరోఫోరస్ అనే ఈ కలుపు మొక్క చామంతి కుటుంబానికి చెందినది. పుట్టిల్లు మెక్సికో, దాని చుట్టుపక్కల ఉష్ణమండల అమెరికా. మన దేశంలో దీన్ని 1950ల మధ్యలో పుణెలో గుర్తించారు. అమెరికా గోధుమలతో పాటు దిగిందని జనం చెప్పుకుంటారు. ఎవరు తెచ్చారన్నది ఈ కథకురాలికి పట్టదు. రోడ్డు పక్క, బడి ఆవరణ, బీడు, పొలం గట్టు, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ కాపురం పెడుతుంది.

తొలకరికి మొలిచిన మొక్క ముందు ఆకులను నేలకు పరుచుకుని కూర్చుంటుంది. ఆ చీలికల ఆకును చూసి మాచిపత్రి అనుకునేవారూ ఉన్నారు. నెల తిరిగేసరికి నిటారుగా లేచి తెల్లని చిన్న పూలు పూస్తుంది. ఏపుగా పెరిగిన ఒక్క మొక్క 15,000కు పైగా గింజలు రాల్చగలదు. వాననీరు, బండి చక్రం, పశువు గిట్టకు అంటిన బురద వాటిని మోసుకెళ్తాయి. ఒంట్లోని పార్థెనిన్ అనే రసాయనం వల్ల తాకినవారికి దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి కొందరికి ఉబ్బసం తెస్తుంది. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి.

కొడవలికి ఇది జంకదు. కోస్తే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. 1980లలో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చిన జైగోగ్రామా పెంకుపురుగు వానాకాలమంతా దీని ఆకులు తిని, ఆ తర్వాత మట్టిలో దూరి నిద్రపోతుంది. అసలు బెడద కుర్రకారు చేతులతోనే.

1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే కాలేజీల్లో అందరూ ఎన్‌ఎస్‌ఎస్ అనేది, పల్లెల్లో ఏడు రోజుల శిబిరాలు పెడుతుంది. అక్కడి శ్రమదానంలో వయ్యారిభామను పీకడం మామూలు పని. ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం అవగాహన వారం కూడా జరుగుతుంది. వానలకు నేల నాని ఉండే ఆ అదను మొక్కకు చెడ్డకాలం.

చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. మొదలు దగ్గర పట్టి నిదానంగా లాగితే తల్లివేరు మట్టితో సహా ఊడివస్తుంది. విసురుగా లాగితే కాండం తెగి చేతిలోకి వస్తుంది, వేరు నేలలోనే నవ్వుకుంటుంది. పూతకు ముందు పీకినదాన్ని పేడతో, మట్టితో వరుసలుగా గుంతలో పేర్చి కంపోస్టు చేస్తారు. పూసి గింజ పట్టినది ఆ గుంతలో పడితే ఎరువుతో పాటే పొలానికి చేరుతుంది; మోసుకెళ్ళే దారి పొడవునా రాలుతుంది కూడా. గింజ పట్టాక శిబిరం పెట్టి, పీకిన గుట్ట ముందు ఫొటో దిగి వెళ్ళిపోయే జట్టు ఈ కథకురాలికి చేసేది ఉచిత రవాణా.

పీకిన చోటును ఖాళీగా వదలకుండా తగిరిస గింజలు చల్లితే అవి గుబురుగా లేచి చోటు ఆక్రమిస్తాయి. నేలలో మిగిలిన వయ్యారిభామ గింజలు మాత్రం ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. అందుకని అదే జట్టు తర్వాతి వానలకు అదే వీధికి రావాలి. అప్పటికి మొలకలు చిన్నవి. గునపం అక్కర్లేదు, వేళ్ళతో లాగినా వచ్చేస్తాయి.